వెనుక దీపం

మోటారు వాహనానికి దీపాలెందుకని అడిగితే, చీకటిలో దారి చూసుకొనడానికని ఎవరైనా తడుముకోకుండా చెప్పగలరు. ఆ సమాధానం సగం మాత్రమే నిజం. ఒక కారు చుట్టూ తిరిగి దాని వెలుపలి దీపాలను లెక్కించి చూడండి. ముందు రెండు పెద్ద దీపాలు, వాటి చెంతనే చిన్న పార్కింగు దీపాలు, నాలుగు మూలలా ఇండికేటర్లు, వెనుక రెండు ఎర్ర దీపాలు, వాటితోపాటే అమరి ఉన్న బ్రేకు దీపాలు, నంబరు పలకపైన ఒక చిన్న దీపం, బండిని వెనుకకు నడిపేటప్పుడు వెలిగే తెల్లని దీపం. ఇన్నింటిలో నడిపేవానికి దారి చూపేవి ముందున్న ఆ పెద్ద దీపాలు, వెనుకకు మళ్లించేటప్పుడు కాసేపు ఆ తెల్లదీపం మాత్రమే. తక్కినవన్నీ ఇతరుల కొరకు వెలిగేవి. అందువల్లనే అవి ఆరిపోయిన సంగతి తరచుగా యజమానికి అందరికన్న ఆలస్యంగా తెలుస్తుంది. ఉర్దూలో "చిరాగ్ తలే అంధేరా" అంటారు. తెలుగులో "దీపం కింద చీకటి" అంటారు. రెండు భాషలవారికీ ఒకే అనుభవం కలిగిందనడానికి ఇంతకన్న నిదర్శనం వేరే అక్కరలేదు.

నేను భౌతికశాస్త్రం బోధించి జీవించినవాడను. మా తండ్రిగారు కర్నూలులో మోటారు వాహనాల ఎలక్ట్రికల్ మిస్త్రీగా జీవించారు. ఉర్దూ చదవడం, రాయడం ఆయనకు వచ్చు. తెలుగు ధారాళంగా మాట్లాడేవారు గాని చదవలేరు. ఆంగ్లంలో బల్బుమీద ఉండే అంకెలు మాత్రమే ఎరుగుదురు. అయినప్పటికీ నేను పాఠ్యగ్రంథాలలో చదివి తెలుసుకొన్న విద్యుత్ సూత్రాలలో, ఆయన అంగడిలో అంతకుముందే కంటితో చూడనివి చాలా తక్కువ. వాహన దీపాలలో లోపం కనిపెట్టే ఆ విద్యను గురించి విద్యార్థి మిత్రులకు నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది కేవలం మిస్త్రీలకు సంబంధించిన విషయమని ఎవరూ అనుకొనవద్దు. బండి ఎక్కేవాడూ, బండికి ఎదురుపడేవాడూ, బండి వెనుక నడిచేవాడూ అందరూ దీనిలో భాగస్వాములే.

చట్టం ఈ విషయాన్ని ఏనాడో గుర్తించింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం క్రింద 1989లో రూపొందించిన కేంద్ర నియమావళి ప్రకారం, సూర్యాస్తమయమైన అరగంట తరువాతి నుండి సూర్యోదయానికి అరగంట ముందు వరకు రహదారిపై ఉన్న వాహనానికి ముందు తెల్లని దీపాలు, వెనుక ఎర్రని దీపాలు వెలుగుతూ ఉండవలెను. అయితే చట్టం మనిషిని శాసించగలదు గాని తీగను శాసించలేదు. తీగ వినేది ప్రకృతి ధర్మాన్నే. కనుక ఆ ధర్మమేమిటో ముందుగా తెలుసుకొనడం అవసరం.

మా ప్రాంతంవారికి కె.సి. కాలువ నీరు సుపరిచితం. కాలువ నుండి పొలానికి వచ్చిన నీరు అక్కడే ఇంకిపోతే చాలు, పైరు పండుతుంది. విద్యుత్తు స్వభావం అటువంటిది కాదు. బ్యాటరీ నుండి బయలుదేరిన విద్యుత్తు దీపం వరకు వచ్చి ఆగదు. అక్కడి నుండి మరల బ్యాటరీకి చేరుకొనే దారి ఉంటేనే అది అసలు బయలుదేరుతుంది. ఇంట్లో దీపానికి రెండు తీగలు వెళ్లడం మనం చూస్తాం. కారులోని సాధారణ దీపాలకు మాత్రం స్విచ్చి నుండి వచ్చే తీగ ఒక్కటే పొడవుగా కనిపిస్తుంది. తిరుగు దారిగా బండి యొక్క ఇనుప శరీరమే పనిచేస్తుంది. బ్యాటరీ ఒక కొసను ఆ శరీరానికి బిగిస్తారు. దీపపు హోల్డరునుండి ఒక చిన్న తీగను దగ్గరలో ఉన్న ఇనుముకు మరతో బిగిస్తారు. దీనినే మిస్త్రీలు "ఎర్తు" అంటారు. ఇప్పటి వాహనాలలో శరీరానికి కలిపేది బ్యాటరీ నెగెటివ్ కొసను. 1960 దశకం మధ్య వరకు వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్ కొసనే కలిపేవారు. ఏ కొసను కలిపినా సూత్రం ఒక్కటే. మా నాన్నగారు దీనిని తమ భాషలో ఇలా చెప్పేవారు: "బిజిలీ భీ ముసాఫిర్ హై బేటా, ఉసే ఘర్ వాపస్ జానా హై." విద్యుత్తు కూడా బాటసారియే, అది తిరిగి ఇల్లు చేరవలెనని భావం. పోయే దారిని అందరూ వెదుకుతారు. వచ్చే దారిని వెదికేవారు తక్కువ. వెనుక దీపాలలో వచ్చే చిక్కులు అనేకం ఆ తిరుగుదారిలోనే ఉంటాయి.

ఆయన అంగడిలో పనికి ఒక వరుస ఉండేది. "ముందు కళ్లు, తరువాత నోరు, ఆ తరువాతే చేతులు" అని శిష్యులకు చెప్పేవారు. బండి రాగానే స్క్రూడ్రైవరు పట్టుకొన్న కుర్రవానిని మందలించేవారు. మొదట దీపాలన్నీ ఒక్కొక్కటిగా వేయించి, చుట్టూ తిరిగి చూడవలెను. ఏది వెలుగుతున్నది, ఏది వెలగడం లేదు, ఏది మందంగా ఉన్నది, ఏది వెలగకూడని సమయంలో వెలుగుతున్నది అని నాలుగు విధాలుగా గమనించవలెను. పిమ్మట డ్రైవరును అడగవలెను. ఈ చిక్కు ఎప్పటినుండి? వాన తడిసిన తరువాతనా? గుంతలో పడిన తరువాతనా? ఇటీవల బండికి మరేదైనా పని చేయించారా? ఈ ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. అయినా లోపం ఉన్న చోటును సగానికి సగం తగ్గించగలిగేవి ఇవే.

చూపులోనే మరొక తర్కం కూడా ఇమిడి ఉన్నది. ముందు దీపాలలో ఒకటి ఆరిందా, రెండూ ఆరాయా అన్నది మొదటి ప్రశ్న. ఒక్కటే ఆరినట్లయితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న స్విచ్చిని, డిప్పరును అనుమానించవలసిన పని లేదు. అవి చెడి ఉంటే రెండో దీపం మాత్రం ఎలా వెలుగుతుంది? అప్పుడు చూడవలసినది ఆ దీపపు బల్బు, దాని హోల్డరు, దాని సొంత ఎర్తు, దానికి ప్రత్యేకంగా ఫ్యూజు ఉంటే ఆ ఫ్యూజు. రెండూ ఒక్కసారిగా ఆరితే, రెండు బల్బులూ ఒకే క్షణంలో మాడిపోవడం అరుదు కనుక, ఉమ్మడి మార్గాన్ని పరీక్షించవలెను. ఏది వెలుగుతున్నదో అది కూడా సాక్షియే. చెడినదానిని మాత్రమే చూచేవాడు సగం సాక్ష్యాన్ని వదులుకొంటున్నాడు. తర్కశాస్త్ర గ్రంథాలలో ఈ పద్ధతికి పెద్ద పేర్లు ఉన్నవి. మా అంగడిలో దీనికి పేరు లేదు, అలవాటు మాత్రమే ఉండేది.

అంగడి వెనుక గోడకు ఒక నిలువుటద్దం బిగించి ఉండేది. పాత బీరువా తలుపుకు ఉండిన అద్దమది. ఆ అద్దం ఎందుకు వచ్చిందో చెప్పక తప్పదు. 1979లో మా మేనమామ నంద్యాలనుండి రాత్రివేళ స్కూటరుపై వస్తూ, దారి పక్కన నిలిపి ఉన్న ఒక లారీని వెనుకనుండి ఢీకొని మరణించారు. లారీకి వెనుక దీపం లేదు. అది ఆరి ఎన్నాళ్లయిందో ఆ డ్రైవరుకే తెలియదు. మా అమ్మ చాలాకాలం ఆ డ్రైవరును తలచుకొని దుఃఖించేది. నాన్నగారు అతనిని ఒక్క మాట కూడా అనగా నేను వినలేదు. నలభై దినాలు గడచిన తరువాత ఆ అద్దాన్ని తెచ్చి గోడకు బిగించారు. బండిని దానికి వెన్ను చూపేలా నిలిపితే, డ్రైవరు తన స్థానంలో కూర్చొని, తన ఎదుటి చిన్న అద్దంలో తన బండి వెనుక దీపాలను తానే చూచుకొనవచ్చును. ఆ నాటినుండి హారను బాగుచేయించుకొనడానికి వచ్చిన బండి అయినాసరే, ఆ అద్దం ముందు బ్రేకు తొక్కించి, ఇండికేటర్లు వేయించి చూడకుండా ఆయన పంపలేదు. కొందరు విసుక్కొనేవారు. "మీకోసం కాదు సామీ, మీ వెనుక వచ్చేవానికోసం" అని ఆయన మెల్లగా చెప్పేవారు. దానికి ఏనాడూ విడిగా డబ్బు పుచ్చుకొనలేదు.

1983లో ఒక టాక్సీ యజమాని తన అంబాసిడరు కారును మా అంగడికి తెచ్చాడు. అప్పుడు నేను పదవ తరగతి చదువుతున్నాను. ఆ కారులోని చిక్కు వినడానికే వింతగా ఉన్నది. రాత్రి దీపాలు వేస్తే కుడివైపు వెనుక దీపం కొంచెం మందంగా వెలుగుతున్నది. బ్రేకు తొక్కగానే మరింత వెలగవలసినది పోయి పూర్తిగా ఆరిపోతున్నది. ఆగబోతున్నామని వెనుకవారికి తెలుపవలసిన క్షణంలోనే ఆ దీపం మాయమవుతున్నదన్నమాట. అతడు అప్పటికే రెండుచోట్ల చూపించాడు. ఒకరు బల్బు మార్చారు. మరొకరు బ్రేకు స్విచ్చి మార్చారు. ఫలితం లేక వెనుక వైరింగు మొత్తం మార్చవలెనని ఆ రెండవ మిస్త్రీయే చెప్పాడు. అందుకు కావలసిన డబ్బుకై భార్య గాజులు కుదువ పెట్టడానికి అతడు సిద్ధపడి ఉన్నాడు.

నాన్నగారు అద్దం ముందు బండి నిలిపించి రెండుసార్లు బ్రేకు తొక్కించి చూశారు. తరువాత అడిగారు: "ఈ మధ్య బండికి ఏం పని చేయించినావు, అన్నా?"

"వైరింగు పని ఏదీ చేయించలేదు, సాయిబుగారూ."

"వైరింగు అని అడగలేదు. ఏ పనైనా."

అతడు కొంతసేపు ఆలోచించి, "కుడిపక్క నొక్కుకుపోతే డెంటింగు చేయించి, పెయింటు కొట్టించినా. అంతే" అన్నాడు.

నాన్నగారు ఒక మూరెడు తీగ తీసుకొని, దాని ఒక కొసను కుడి దీపపు హోల్డరు శరీరానికి, రెండవ కొసను బాగా గీకిన బంపరు బోల్టుకు ఆనించి పట్టుకొన్నారు. "ఇప్పుడు తొక్కు" అన్నారు. దీపం ఎర్రగా, నిండుగా వెలిగింది. తీగ తీయగానే మరల ఆరింది. లోపం ఎక్కడ ఉన్నదో దానితో తేలిపోయింది. డిక్కీ మూలలో ఎర్తు తీగను బిగించే మర ఉన్నది. పెయింటు వేసినవారు ఆ చోటును కూడా అందంగా రంగుతో నింపి, ఆ రంగుమీదనే మరను బిగించారు. రంగు విద్యుత్తును పోనివ్వదు. నాన్నగారు మర విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేవరకు రుద్ది, తీగ కొసను శుభ్రపరచి, గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన కొంచెం గ్రీజు పూశారు. పావుగంట పని. ఐదు రూపాయలు తీసుకొన్నారు. ఆ యజమాని అద్దంలో తన బ్రేకు దీపాలను చూచుకొంటూ మరల మరల తొక్కుతూనే కూర్చున్నాడు.

దీపం ఆరిపోవడంలోని రహస్యం తెలుసుకొనదగినది. వెనుక దీపపు బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి 5 వాట్లది, రాత్రి వెలిగేది. మరొకటి 21 వాట్లది, బ్రేకుకు వెలిగేది. రెండింటికీ ఎర్తు ఒక్కటే. ఆ ఎర్తు తెగినపుడు 5 వాట్ల ఫిలమెంటులోనికి వచ్చిన విద్యుత్తు తిరుగుదారి లేక, అదే బల్బులోని 21 వాట్ల ఫిలమెంటుగుండా వెనుకకు పోయి, రెండు బ్రేకు దీపాలను కలిపే తీగను పట్టుకొని, ఎడమవైపు బ్రేకు దీపంలో ప్రవేశించి, అక్కడి ఎర్తుగుండా ఇల్లు చేరుతుంది. దొడ్డిదారిన పోయినందువల్ల దీపం మందంగానైనా వెలుగుతుంది. బ్రేకు తొక్కిన క్షణంలో ఆ దొడ్డిదారికి కూడా బ్యాటరీ నుండి నేరుగా 12 వోల్టులు వచ్చి నిలుస్తాయి. రెండు వైపులా సమానమైన ఒత్తిడి ఉన్నచోట ప్రవాహానికి తావేది? దీపం ఆరిపోతుంది. బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు దీపాలు మసకగా వెలగడం, ఇండికేటరు వేస్తే వెనుక ఎర్రదీపం కూడా దానితోపాటు కొట్టుకొనడం వంటి వింతలకు కూడా తరచుగా కారణమిదే. ఒక దీపం పనిలో మరొక దీపం జోక్యం చేసుకొంటున్నదంటే, ముందుగా ఎర్తును చూడవలెను. రెండు ఫిలమెంట్లు ఉండవలసిన చోట ఒకే ఫిలమెంటు బల్బును బలవంతంగా దూర్చినా ఇటువంటి వింతలే పుడతాయి. అలా జరగకూడదనే రెండు ఫిలమెంట్ల బల్బు పక్కలనున్న మొలకలను ఎచ్చుతగ్గులుగా అమరుస్తారు.

ఈ సందర్భంలో జార్జ్ సైమన్ ఓం అనే శాస్త్రజ్ఞుని స్మరించడం నా ధర్మం. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో ఆయన జన్మించారు. తండ్రి తాళాలు చేసే కమ్మరి. ఆ తండ్రి పాఠశాలలో పెద్దగా చదివినవాడు కాకపోయినా, స్వయంకృషితో గణితం నేర్చి తన కుమారులకు తానే బోధించాడు. ఆ కుమారుడే 1827లో విద్యుత్ ఒత్తిడికి, ప్రవాహానికి, నిరోధానికి గల సంబంధాన్ని ప్రకటించాడు. స్వదేశంలో తగిన ఆదరణ వెంటనే లభించలేదు. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ కోప్లే పతకంతో సత్కరించింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు కొలమానానికి ఆయన పేరే పెట్టింది. ఒక కమ్మరి ఇంటి పేరు నేడు ప్రపంచంలోని ప్రతి మిస్త్రీ నోట పలుకుతున్నది. చేతిపని చేసేవారి ఇంటినుండి కళాశాలకు వచ్చిన మన విద్యార్థులు ఈ సంగతి మరువకూడదు.

ఓం సూత్రాన్ని ఆ వెనుక దీపానికే అన్వయించి చూద్దాం. 21 వాట్ల బల్బు 12 వోల్టులపై వెలిగేటప్పుడు దానిలో 1.75 ఆంపియర్ల ప్రవాహం ఉంటుంది. అంటే దాని నిరోధం సుమారు 7 ఓములు. ఎర్తు మరవద్ద తుప్పు పట్టి 2 ఓముల నిరోధం కొత్తగా చేరిందనుకొందాం. రెండు ఓములంటే ఏమంత అనిపిస్తుంది. కాని అప్పుడు బల్బుకు దక్కేది సుమారు 9 వోల్టులు మాత్రమే. తక్కినది తుప్పు కాజేస్తుంది. ఫిలమెంటు బల్బులో వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు. దానికన్న ఎన్నోరెట్లు వేగంగా తగ్గుతుంది. వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పోతుంది. నాలుగోవంతు తగ్గితే సగం వెలుగైనా మిగలదు. ముందు దీపాలు పసుపుపచ్చగా, నీరసంగా కనిపిస్తే బల్బు ముసలిదైనదని వెంటనే తీర్మానించకుండా, దాని తీగలలో, కీళ్లలో వోల్టేజీ ఎక్కడ పోతున్నదో చూడమని శాస్త్రం చెబుతున్నది.

ఎలా చూడవలెను? ఇక్కడ మీటరు ఉన్నవారు కూడా పొరబడే స్థలం ఒకటి ఉన్నది. బల్బు తీసివేసి హోల్డరువద్ద మీటరు పెడితే అది 12 వోల్టులు నిండుగా చూపిస్తుంది. తీగ బాగున్నదని తలచి కొత్త బల్బు వేస్తారు, అదీ వెలగదు. కారణమేమనగా, మీటరు తాను పనిచేయడానికి పుచ్చుకొనే ప్రవాహం అత్యల్పం. తీగలోని పోగులన్నీ చిలుముపట్టి తెగిపోయి ఒకేఒక పోగు మిగిలినా, మీటరుకు అది చాలును. బల్బుకు చాలదు. కనుక పరీక్ష ఎల్లప్పుడూ దీపం స్విచ్చి వేసి, బల్బు భారం మీద ఉండగానే చేయవలెను. మీటరు ఒక తీగను బ్యాటరీ నెగెటివ్ కొసమీద, రెండవదానిని హోల్డరు శరీరం మీద ఉంచాలి. ఎర్తు సరిగా ఉంటే మీటరు ఇంచుమించు సున్న చూపిస్తుంది. ఒక వోల్టో రెండు వోల్టులో చూపిస్తే, ఆ మేరకు తిరుగుదారిలో పోతున్నదని అర్థం. ఇదే విధంగా బ్యాటరీ పాజిటివ్ కొసకు, బల్బుకు వచ్చే తీగకు మధ్య చూస్తే పోయే దారి సంగతి తెలుస్తుంది. మా నాన్నగారికి మీటరు లేదు. రెండు తీగలు అతికిన ఒక బల్బు ఆయన పరికరం. అది తానే ప్రవాహం పుచ్చుకొని వెలగవలసినది కనుక ఆ ఒంటిపోగు తీగ చేతిలో మోసపోయేది కాదు.

ఫ్యూజు విషయంలో ఆయనకు కోపం వచ్చేది. మాడిన ఫ్యూజు స్థానంలో సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి వచ్చిన బండ్లు అనేకం. ఫ్యూజు చౌకీదారువంటిది. అది మాడినదంటే తీగ ఎక్కడో ఒలిచిపోయి ఇనుముకు తగులుతున్నదని కేక వేసిందన్నమాట. కేక వేసిన చౌకీదారును తొలగించి, నోరులేనివానిని నిలబెడితే తరువాత మాడేది తీగల కట్టే, ఒక్కొక్కసారి బండియే. అటువంటి షార్టును కనిపెట్టే ఉపాయం ఎంతో సులభమైనది. ఆ వరుసలోని దీపాల బల్బులన్నీ తీసివేసి, ఫ్యూజు ఉండవలసిన రెండు కొసల మధ్య పరీక్ష బల్బును తగిలించాలి. షార్టు ఉన్నంతసేపు ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. అప్పుడు తీగల కట్టను ఒకచోట నుండి మరొకచోటికి మెల్లగా కదలిస్తూ పోవాలి. ఎక్కడ కదిలిస్తే బల్బు ఆరుతుందో అక్కడే గాయం ఉన్నది. సాధారణంగా అది డిక్కీ మూత కీలువద్దనో, రేకు రంధ్రంలో రబ్బరు వాషరు ఊడిపోయిన చోటనో కనిపిస్తుంది. మూత తెరచి మూసిన ప్రతిసారీ వంగే తీగ ఏదో ఒకనాడు అలసిపోక తప్పదు.

కాలం మారింది. అంబాసిడరు కారు తయారీ 2014లో ఆగిపోయింది. నేటి కార్లలో దీపపు స్విచ్చి నేరుగా దీపాన్ని వెలిగించదు. వెలిగించమని ఒక చిన్న కంప్యూటరుకు విన్నవించుకొంటుంది. 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ ప్రకటించిన క్యాన్ అనే పద్ధతిలో అనేక కంప్యూటర్లు రెండే తీగలపై పరస్పరం సందేశాలు పంపుకొంటున్నవి. కొన్ని కార్లు దీపం పోగానే ఎదుటి పలకపై ఆ సంగతి తెలుపుతున్నవి. ఇవన్నీ మెచ్చదగినవే. ఫిలమెంటు బల్బు నిండుగా వెలగడానికి సెకనులో సుమారు ఐదోవంతు పడితే, ఎల్.ఇ.డి. దీపం అంతకన్న ఎంతో ముందుగా వెలుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ ఐదోవంతు సెకనుకు వెనుక బండి అయిదున్నర మీటర్లు సాగుతుంది. అది ఒక ప్రాణానికి సరిపడే దూరం.

అయినా పాత విద్య అవసరం తీరిపోలేదు. స్కానరు యంత్రం "ఎడమ వెనుక దీపపు మార్గం తెగినది" అని తెలుపుతుంది. ఎక్కడ తెగిందో తెలుపదు. బల్బా, హోల్డరా, మధ్య తీగా, ఎర్తా అన్నది మనిషియే చూడాలి. ఫిలమెంటు బల్బుకై ఏర్పడిన కారులో ఎల్.ఇ.డి. బల్బు వేస్తే, అది తీసుకొనే ప్రవాహం తక్కువైనందున, దీపం చక్కగా వెలుగుతున్నా కంప్యూటరు పోయిందని భ్రమపడవచ్చును. ఇండికేటరు రెట్టింపు వేగంతో కొట్టుకొనవచ్చును. నిజంగా బల్బు పోయినపుడు కూడా అనేక కార్లలో ఇండికేటరు అలాగే తొందరపడుతుంది. రెండింటికీ లక్షణం ఒక్కటే, కారణాలు వేరు. అడిగి, చూచి, తేల్చుకొనవలసినదే. పాత పరీక్ష బల్బును కంప్యూటరు తీగలపై ప్రయోగించరాదు. అది లాగే ప్రవాహం సున్నితమైన భాగాలకు హాని చేయవచ్చును. పరికరం మారింది, వరుస మారలేదు.

మా నాన్నగారు లేరు. అంగడి స్థలంలో నేడు మరొక వ్యాపారం సాగుతున్నది. ఆయనవద్ద పని నేర్చిన శిష్యులలో ఒకరు వేరొకచోట తమ సొంత అంగడి గోడకు పొడవాటి అద్దం బిగించుకొన్నారు. ఎందుకని అడిగిన కొత్త కుర్రవానికి ఆయన ఏమి చెబుతారో నేను వినలేదు గాని, బండి పంపేముందు బ్రేకు తొక్కించడం మాత్రం కన్నులార చూశాను.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరికి ఈపాటికే వాహనాలు ఉండవచ్చును. తక్కినవారికి త్వరలో రావచ్చును. అద్దమున్న అంగడి అందరికీ దొరకదు. అందుకు ప్రతిగా వారానికి ఒకసారి, చీకటి పడిన పిమ్మట, బండిని ఒక గోడకు వెన్ను చూపేలా నిలిపి దీపాలు వేయండి, బ్రేకు తొక్కండి, ఇండికేటర్లు వేయండి. గోడపై పడే ఎర్రని వెలుగు రెండువైపులా సమానంగా ఉన్నదా, బ్రేకుకు రెండువైపులా పెరుగుతున్నదా అని మీ అద్దంలో చూడండి. గోడ లేకపోతే ఇంట్లోవారిని ఎవరినైనా వెనుక నిలబెట్టి అడగండి. ఎదుటివాని బండికి వెనుక దీపం లేదని గమనిస్తే ఆపి, మర్యాదగా తెలియజేయండి. అతనికి తెలిసి ఉండకపోవచ్చును. 1979లో నంద్యాల దారిలో ఎవరో ఒకరు ఆ లారీ డ్రైవరుకు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, మా ఇంటిలో ఒక కుర్చీ ఖాళీ కాకపోయేది.